సెన్సర్ నోడ్ బ్యాటరీ ఎక్కడ ఖర్చవుతోంది? రూటింగ్ లెక్కలు, రేడియో వాస్తవాలు

క్లుప్తంగా

వైర్‌లెస్ సెన్సర్ నెట్‌వర్క్‌లో నోడ్లు, అంటే సెన్సరూ రేడియో ఉన్న చిన్న పెట్టెలు, తమ రీడింగులను ఒకదాని నుంచి ఇంకొకదానికి అందించుకుంటూ గేట్‌వే అనే సేకరణ కేంద్రానికి చేరుస్తాయి. ఆ దారి ఎంచుకోవడమే రూటింగ్. ఇక్కడ శక్తి ఆదా అనగానే ముందు దూరం గుర్తుకొస్తుంది. చిన్న బ్యాటరీ నోడ్లలో మాత్రం సింహభాగం ఖర్చు పంపడానికి కాదు, ఎవరైనా పంపుతారేమోనని రేడియో తెరిచి కూర్చోవడానికి పోతుంది. అందువల్ల ఒక దారి మంచిదా కాదా అన్నది ఆ దారి ఏ నోడ్‌ను ఎంతసేపు మేలుకొని ఉంచుతుందో, ఎన్నిసార్లు మళ్లీ పంపాల్సి వస్తుందో చూసి తేల్చాలి. గేట్‌వేకు దగ్గరున్న నోడ్ల మీద పడే భారాన్ని మాత్రం రూటింగ్ ఒక్కటే తీర్చలేదు.

ఇంజనీరింగ్ ప్రాజెక్టు రిపోర్టుల్లో తరచూ ఒక గ్రాఫ్ కనిపిస్తుంది. అడ్డంగా రౌండ్లు (డేటా సేకరణ విడతలు), నిలువుగా బతికున్న నోడ్ల సంఖ్య. పాత ప్రోటోకాల్ గీత ముందే కూలిపోతుంది, కొత్తదాని గీత ఇంకాస్త కుడివైపుకి సాగుతుంది. అదే ప్రోటోకాల్‌ను బోర్డుల మీద ఎక్కించి పొలంలో పెడితే నోడ్లన్నీ వారం తిరక్కుండా ఆగిపోవచ్చు. సిమ్యులేషన్‌లో కూడికలు తప్పలేదు. బ్యాటరీని అన్నిటికంటే ఎక్కువగా తినే పద్దును అది అసలు రాసుకోలేదు.

దూరం చుట్టూ తిరిగే లెక్క

ఈ రంగంలో ఎక్కువమంది వాడే శక్తి నమూనా 2000లో వచ్చింది. ఎంఐటీ పరిశోధకులు వెండీ హైన్‌జెల్‌మన్, అనంత చంద్రకాసన్, హరి బాలకృష్ణన్ లీచ్ అనే ప్రోటోకాల్‌తో పాటు దాన్ని ప్రతిపాదించారు. 2002లో విస్తరించి ప్రచురించిన రూపంలోని విలువలు నేటికీ మ్యాట్‌ల్యాబ్ కోడ్‌లలో యథాతథంగా కనిపిస్తాయి. బిట్‌ను పంపినా అందుకున్నా రేడియో సర్క్యూట్‌కు 50 నానోజౌళ్లు. పంపేటప్పుడు యాంప్లిఫయర్ ఖర్చు అదనం. తక్కువ దూరాల్లో అది దూరం వర్గాన్ని బట్టి, ఎక్కువ దూరాల్లో నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. మొదటిదానికి గుణకం 10 పికోజౌళ్లు, రెండోదానికి 0.0013 పికోజౌళ్లు. రెంటికీ మధ్య హద్దు సుమారు 87 మీటర్లు.

2,000 బిట్ల ప్యాకెట్ 80 మీటర్ల దూరంలోని గేట్‌వేకు చేరాలనుకుందాం. నేరుగా పంపితే 228 మైక్రోజౌళ్లు. సగం దారిలో ఇంకో నోడ్ అందుకుని మళ్లీ పంపితే రెండు ప్రసారాలకు 264, మధ్య నోడ్ అందుకోవడానికి 100, వెరసి 364. గేట్‌వే ఖర్చు రెండు చోట్లా వదిలేశాం. అంటే ఈ నమూనా ప్రకారం చూసినా 80 మీటర్ల దారిని రెండు హాపులు (ఒక నోడ్ నుంచి ఇంకో నోడ్‌కు ఒక్కో అంగ) చేయడం నష్టమే. 200 మీటర్ల దగ్గర కథ తిరగబడుతుంది: నేరుగా అయితే 4,260 మైక్రోజౌళ్లు, 100 మీటర్ల చొప్పున రెండు హాపులైతే 820. చిన్న చిన్న హాపులతో శక్తి ఆదా అవుతుందని గుడ్డిగా రాసే రిపోర్టుల్లో ఫీల్డు కొలత చాలాసార్లు 100 మీటర్ల చదరమే ఉంటుంది. అంత చిన్న జాగాలో గేట్‌వే నడిమధ్యలో ఉంటే హాపులతో మిగిలేది ఏమీ ఉండదు.

డేటాషీట్ చెప్పేది వేరు

టెలోస్ వంటి నోడ్లలో విరివిగా వాడిన సీసీ2420 రేడియో చిప్ అంకెలు చూస్తే అసలు సమస్య బయటపడుతుంది. పూర్తి శక్తితో, అంటే 0 డీబీఎం (రేడియో శక్తి కొలమానం) దగ్గర పంపేటప్పుడు అది 17.4 మిల్లీయాంపియర్లు తీసుకుంటుంది. శక్తిని మైనస్ 25 డీబీఎంకు తగ్గిస్తే 8.5 మిల్లీయాంపియర్లు. గాలిలోకి వెళ్లే శక్తి 300 రెట్లకు పైగా తగ్గింది, బ్యాటరీ నుంచి లాగే కరెంటు సగానికి మాత్రమే దిగింది. మిగతాదంతా చిప్ లోపలి ఆసిలేటర్లు, సింథసైజర్, డిజిటల్ భాగాలు తినేదే. దూరం వర్గంతో ఖర్చు పెరుగుతుందన్న సూత్రం యాంటెన్నా దగ్గర నిజం. బ్యాటరీ దగ్గర దాని జాడ చాలా పలచగా ఉంటుంది.

ఇంకో అంకె మరీ ముఖ్యం. వినేటప్పుడు ఆ చిప్ 18.8 మిల్లీయాంపియర్లు తీసుకుంటుంది. పంపడం కంటే వినడమే ఖరీదు, వినడానికి అక్కడ ఏమీ లేకపోయినా సరే.

ఇలాంటి రేడియోలు పాటించే 802.15.4 ప్రమాణంలో అతి పెద్ద ఫ్రేమ్, అంటే ఒక్కసారిలో పంపే డేటా మూట, 127 బైట్లు. ముందు చేరే 6 బైట్లతో కలిపి 250 కిలోబిట్ల వేగంతో అది గాలిలో ఉండేది 4.3 మిల్లీసెకన్ల లోపే. 3 వోల్టుల దగ్గర అందుకయ్యే ఖర్చు 222 మైక్రోజౌళ్లు. పది నిమిషాలకొక రీడింగ్ చొప్పున రోజుకు 144 ప్యాకెట్లు పంపితే మొత్తం 32 మిల్లీజౌళ్లు. అదే నోడ్ రేడియోను రోజంతా తెరిచి ఉంచితే 4,870 జౌళ్లకు పైగా పోతుంది. రెంటికీ తేడా లక్షన్నర రెట్లు. 2,500 మిల్లీయాంపియర్ అవర్ల పెన్సిల్ సెల్స్ జత ఈ లెక్కన అయిదున్నర రోజులకు ఖాళీ. నోడ్లు వారం లోపే ఎందుకు ఆగిపోతాయో ఇంతకు మించి వివరణ అక్కర్లేదు. ఎంత గొప్ప దారి ఎంచుకున్నా ఆదా అయ్యేది ఆ 32 మిల్లీజౌళ్లలోంచే.

రేడియోను 1 శాతం సమయం మాత్రమే తెరిస్తే, నిద్రలో 5 మైక్రోయాంపియర్లు కలుపుకుని సగటు కరెంటు 193 మైక్రోయాంపియర్లకు దిగుతుంది. అవే సెల్స్ కాగితం మీద ఏడాదిన్నర వస్తాయి. ఆచరణలో ఇంకొంత తక్కువే వస్తాయి. నోడ్‌కు కనీసం 2.1 వోల్టులు కావాలి గనక, జత సెల్స్ వోల్టేజీ ఆ గీత దాటి కిందికి జారాక మిగిలిన ఛార్జి పనికిరాదు.

నిద్రపోయే రేడియోకు కబురెలా అందుతుంది

అందరూ నిద్రపోతే ఒకరి ప్యాకెట్ ఇంకొకరికి అందేదెలా? ఇది చూసుకునేది మ్యాక్, అంటే రేడియో ఎప్పుడు పంపాలో ఎప్పుడు వినాలో నిర్ణయించే పద్ధతి. 2004లో వచ్చిన బీ-మ్యాక్, 2006 నాటి ఎక్స్-మ్యాక్, 2011 నాటి కాంటికి-మ్యాక్ ఇచ్చిన జవాబు ఒకే తీరులో ఉంటుంది. ప్రతి నోడ్ కాసేపటికొకసారి లేచి, గాలిలో అలికిడి ఉందా అని ఒకటి రెండు మిల్లీసెకన్లు చూసి మళ్లీ పడుకుంటుంది. పంపేవాడు అవతలి నోడ్ లేచేదాకా ప్రియాంబుల్ అనే ముందస్తు సంకేతాన్నో, అదే ప్యాకెట్‌నో పదేపదే పంపుతూ ఉంటాడు. కాంటికి-మ్యాక్‌లో సాధారణంగా సెకనుకు ఎనిమిదిసార్లు, అంటే 125 మిల్లీసెకన్లకొకసారి లేస్తారు.

దీంతో ఖర్చు వినేవాడి నుంచి పంపేవాడి మీదకు మళ్లుతుంది. 4 మిల్లీసెకన్లలో ముగిసే పని సగటున 62 మిల్లీసెకన్లు పడుతుంది. లేచే వ్యవధిని సెకనుకు పెంచితే వినే ఖర్చు తగ్గి, పంపే ఖర్చు సగటున అర సెకనుకు పెరుగుతుంది. ఎక్కడ ఆపాలన్నది ఆ నోడ్ ఎన్ని ప్యాకెట్లు పంపుతుందో దాన్ని బట్టి ఉంటుంది.

ఒక్కో తనిఖీకి 2 మిల్లీసెకన్లు అనుకుని రెండు నోడ్లను పోల్చి చూద్దాం. ఒకటి అంచున ఉంది, రోజుకు తన 144 ప్యాకెట్లే పంపుతుంది. రెండోది గేట్‌వేకు రెండు హాపుల దూరంలో ఉండి, తనతో కలిపి 50 నోడ్ల డేటాను మోస్తుంది, అంటే రోజుకు 7,200 ప్యాకెట్లు. వ్యవధి 125 మిల్లీసెకన్లయితే అంచు నోడ్ రేడియో 1.6 శాతం సమయం, మోత నోడ్‌ది 2.1 శాతం సమయం తెరిచి ఉంటాయి. వ్యవధిని సెకను చేస్తే అంచు నోడ్ 0.28 శాతానికి దిగుతుంది, మోత నోడ్ మాత్రం 4.4 శాతానికి ఎగబాకుతుంది. అంచు నోడ్‌కు అనువైన వ్యవధి సెకనున్నర దగ్గర, మోత నోడ్‌కు 220 మిల్లీసెకన్ల దగ్గర తేలుతుంది. నెట్‌వర్క్ మొత్తానికి ఒకే వ్యవధి పెట్టేటప్పుడు అంచు నోడ్‌ను చూసి నిర్ణయిస్తే నడుమ ఉన్నవి చచ్చిపోతాయి. అయిదు రీడింగులను ఒకే ఫ్రేమ్‌లో మూటగట్టి పంపితే 7,200 కాస్తా 1,440 అవుతుంది. రూటింగ్ అల్గారిథమ్ మార్చడం కంటే ఇది సులువు, ఫలితం ఎక్కువ.

గేట్‌వేకు పక్కనే ఉన్న నోడ్ పరిస్థితి ఈ విషయంలో కొంత నయం. గేట్‌వేకు కరెంటు సరఫరా ఉండి దాని రేడియో ఎప్పుడూ తెరిచే ఉంటే, ఆ నోడ్ ఎదురుచూడకుండా ఒక్కసారి పంపి పడుకోవచ్చు. అందుకని ఈ తరహా మ్యాక్ వాడినప్పుడు అసలు దెబ్బ రెండో వలయం మీద పడుతుంది. ఎదురుచూపు ఖర్చును లెక్కలోకి తీసుకోని సిమ్యులేషన్లలో ఈ సంగతి కనిపించదు.

అందరి ప్యాకెట్లూ అందరికీ వినబడటం ఇంకో నష్టం. పక్క నోడ్‌కు ఉద్దేశించిన ప్రసారానికి కూడా లేచి, చిరునామా చూసి, తనది కాదని తెలిశాకే పడుకోవాలి. నోడ్లు దట్టంగా ఉన్నకొద్దీ ఈ దండగ పెరుగుతుంది. ప్రసార శక్తిని తగ్గించడం వల్ల ఆచరణలో దక్కే లాభం చాలామటుకు ఇక్కడే ఉంది: పంపే ఖర్చు సగం తగ్గడం సరే, అనవసరంగా లేచే పొరుగువాళ్లు కూడా తగ్గుతారు.

గేట్‌వే చుట్టూ ఏర్పడే లోటు

కాలువ కింద సాగులో చివరి భూములకు నీళ్లు అందవు. సెన్సర్ నెట్‌వర్క్‌లో కష్టం తల దగ్గర ఉంటుంది. నాలుగు హాపుల వ్యాసార్థం గల వృత్తంలో నోడ్లు సమానంగా పరిచి, మధ్యలో గేట్‌వే పెట్టామనుకోండి. మొదటి వలయంలో ఉండేవి మొత్తం నోడ్లలో పదహారో వంతు. అందరి ప్యాకెట్లూ వాటి గుండానే పోవాలి గనక ఒక్కో నోడ్ తనదొకటి, ఇతరులవి పదిహేను మోస్తుంది. రెండో వలయంలో ఒక్కోదానికి 5, మూడో వలయంలో 2.4, చివరి వలయంలో 1. మొదటి వలయం చనిపోయిననాడు బయటి వలయాల బ్యాటరీల్లో చాలావరకు మిగిలే ఉంటుంది. ఆ మిగులు ఎవరికీ ఉపయోగం లేదు.

మిగిలిన బ్యాటరీని చూసి దారి ఎంచుకునే ప్రోటోకాల్స్ ఉద్దేశం ఈ భారాన్ని పంచడమే. అతి తక్కువ ఖర్చు దారినే ఎప్పుడూ వాడితే ఆ దారిలోని నోడ్లు ముందే పోతాయి కాబట్టి, 2002లో రాహుల్ షా, జాన్ రబే కాస్త ఖరీదైన దారులను కూడా అప్పుడప్పుడు సంభావ్యత ప్రకారం వాడే పద్ధతిని సూచించారు. ఒకే వలయంలో ఒకడి మీద పడిన బరువును పక్కవాడికి మార్చడానికి ఇది పనికొస్తుంది. మొదటి వలయం మొత్తానికి పడే 16 రెట్ల బరువును మాత్రం ఏ దారి మార్పూ తగ్గించలేదు. రెండో గేట్‌వే పెట్టాలి, లేదా గేట్‌వే దగ్గర నోడ్లను చిక్కగా పెట్టాలి, లేదా ఆ కొద్ది నోడ్లకు పెద్ద బ్యాటరీ, సోలార్ ప్యానెల్ ఇవ్వాలి. ఇవన్నీ నోడ్లు పాతే రోజున తీసుకోవలసిన నిర్ణయాలు.

సోలార్‌కూ ఒక మెలిక ఉంది. కేరళలోని మున్నార్‌లో అమృత విశ్వవిద్యాలయం నెలకొల్పిన కొండచరియల హెచ్చరిక నెట్‌వర్క్ లాంటి వాటిలో డేటా అవసరం వానాకాలంలో పెరుగుతుంది. వాన ముదిరినకొద్దీ రీడింగులు తరచుగా కావాలి, ట్రాఫిక్ పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే మబ్బు పట్టి ప్యానెల్ ఛార్జింగ్ పడిపోతుంది. అలాంటి చోట బ్యాటరీ సైజును ఎండ లేని వరుస రోజులను, అత్యధిక ట్రాఫిక్‌ను కలిపి లెక్కించాలి. సగటు ఎండ, సగటు ట్రాఫిక్ లెక్క అక్కడ పనికిరాదు.

తక్కువ హాపులా, గట్టి హాపులా

తొలి రోజుల్లో అతి తక్కువ హాపుల దారినే మంచి దారిగా భావించేవారు. దానివల్ల నోడ్లు అందినంత దూరంలో ఉన్న పొరుగును పట్టుకుంటాయి. అంత దూరంలో సిగ్నల్ కొసప్రాణంతో ఉంటుంది, సగం ప్యాకెట్లు పోతాయి. 2003లో ఎంఐటీ నుంచి వచ్చిన ఈటీఎక్స్ అనే కొలమానం ఈ లోపాన్ని సరిచేసింది. ఒక ప్యాకెట్ అంది, దాని రసీదు తిరిగి రావడానికి సగటున ఎన్నిసార్లు పంపాలో లెక్కగట్టి, దారి పొడవునా కూడుతుంది. రసీదుతో సహా 50 శాతం విజయం ఉన్న రెండు హాపుల దారికి 4 ప్రసారాలు కావాలి. 95 శాతం విజయం ఉన్న మూడు హాపుల దారికి 3.2 చాలు. పంపిన ప్రతిసారీ అవతలివాడు లేచేదాకా ఎదురుచూడాల్సిన నెట్‌వర్క్‌లో ఈ తేడా బ్యాటరీ మీద గట్టిగానే కనిపిస్తుంది.

పొలాల్లో లింకు నాణ్యత పంటతో పాటు మారుతుంది. విత్తిన నాడు నిక్కచ్చిగా పనిచేసిన 2.4 గిగాహెర్ట్జ్ లింకు, ఆకు కమ్ముకున్నాక యాంటెన్నా పైరు లోపలికి పోవడంతో పడిపోతుంది. మాస్టు ఎత్తును పంట పూర్తి ఎత్తును బట్టి నిర్ణయించాలి. కర్ణాటకలోని పావగడ తాలూకా చెన్నకేశవపురంలో భారతీయ విజ్ఞాన సంస్థ, స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్ఎల్ కలిసి వర్షాధార రైతుల కోసం చేసిన కామన్‌సెన్స్ నెట్ ప్రాజెక్టు వేరుశనగ పండే నేలల్లో నడిచింది. అనంతపురం ప్రాంతాన్ని ఆనుకుని ఉన్న మెట్ట అది. వేరుశనగ పొట్టి పైరు గనక ఈ బాధ తక్కువ. చెరకు, మొక్కజొన్న చేలల్లో అదే మాస్టు పనికిరాదు.

ఒక్క లింకులు బాగుంటే చాలదని నెదర్లాండ్స్‌లో డెల్ఫ్ట్ పరిశోధకులు బంగాళాదుంప చేలో చేసిన ప్రయోగం చూపింది. వంద దాకా నోడ్లతో తలపెట్టిన ఆ పనిలో చివరికి చేరిన డేటా 2 శాతం. మ్యాక్, రూటింగ్, మిగతా సాఫ్ట్‌వేర్ భాగాలు విడివిడిగా బాగానే ఉన్నా కలిపి నడిపినప్పుడు ఒకదాని అంచనాలు ఇంకొకదానికి కుదరలేదు. ఇప్పటికీ ఈ రంగంలో దాన్నే ఉదాహరణగా చెప్పుకుంటారు.

దారి కనుక్కోవడానికే అయ్యే ఖర్చు

దారులు తెలియాలంటే నోడ్లు పొరుగువాళ్లకు కబుర్లు చెప్పుకోవాలి. అలాంటి ఒక్కో కబురే బీకన్. పది సెకన్లకొక బీకన్ అంటే రోజుకు 8,640. బ్రాడ్‌కాస్ట్ అందరికీ చేరాలి గనక లేచే వ్యవధి మొత్తం, అంటే 125 మిల్లీసెకన్లూ పంపుతూనే ఉండాలి. రోజుకు 1,080 సెకన్లు, దాదాపు 1.25 శాతం. ఒక్క డేటా ప్యాకెట్ కూడా పంపకముందే 1 శాతం బడ్జెట్ దాటిపోయింది.

2004లో ఫిలిప్ లెవిస్ బృందం ప్రతిపాదించిన ట్రికిల్ పద్ధతి దీనికి మందు. అంతా నిలకడగా ఉంటే బీకన్ల మధ్య విరామం రెట్టింపవుతూ పోతుంది. పొరుగువాళ్లు అదే సమాచారం ఇప్పటికే చెప్పేసి ఉంటే తాను చెప్పడం మానుకుంటుంది. తేడా కనిపిస్తే విరామం మళ్లీ కనిష్ఠానికి పడుతుంది. 2012లో ఆర్‌ఎఫ్‌సీ 6550 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా వెలువడిన ఆర్‌పీఎల్ రూటింగ్ ప్రమాణం దీన్నే వాడుతుంది. అందులోని డీఫాల్ట్ విలువల ప్రకారం విరామం 8 మిల్లీసెకన్లతో మొదలై 20 సార్లు రెట్టింపై 2.3 గంటల దాకా పెరుగుతుంది. కుదురుకున్న నెట్‌వర్క్‌లో రోజుకు పదో పదకొండో బీకన్లు చాలు.

నిద్రపోయే రేడియోలకు ఆ 8 మిల్లీసెకన్ల ఆరంభం మాత్రం అర్థం లేనిది. ఒక్క బ్రాడ్‌కాస్ట్‌కే 125 మిల్లీసెకన్లు పట్టేచోట అంత తొందరగా మొదలుపెడితే గాలి కిక్కిరిసిపోతుంది. కాంటికి అనే నోడ్ ఆపరేటింగ్ సిస్టంలో కనిష్ఠాన్ని 4 సెకన్ల పైచిలుకు పెట్టింది ఇందుకే.

ట్రికిల్‌ను పాడుచేసేది ఊగిసలాడే లింకు. ఒక నోడ్ ఇద్దరు పేరెంట్ల (తన డేటాను గేట్‌వే వైపు మోసే పై నోడ్ల) మధ్య అటూ ఇటూ మారుతుంటే ర్యాంకులు (గేట్‌వే నుంచి ఎంత దూరమో చెప్పే అంకెలు) మారుతాయి, టైమర్లు రీసెట్ అవుతాయి, కింది నోడ్లకూ అదే అంటుకుంటుంది. ఆర్‌ఎఫ్‌సీ 6719 ప్రకారం కొత్త పేరెంట్ కనీసం 1.5 ఈటీఎక్స్ మేర మెరుగైతేనే మారాలి. కోడ్‌లో దీన్ని 128తో హెచ్చించి 192 అని రాస్తారు. త్వరగా మెరుగైన దారి దొరుకుతుందని ఈ అంకెను తగ్గించడం ఫీల్డులో తరచూ చేసే పొరపాటు. మిగిలిన బ్యాటరీని కొలమానంలో కలిపేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త కావాలి. వోల్టేజీ పగలూ రాత్రీ ఉష్ణోగ్రతతో కదులుతుంది. దాన్ని నేరుగా వాడితే పేరెంట్లు పూటకోసారి మారతారు. నాలుగైదు మెట్లుగా కుదించి వాడితే సరిపోతుంది.

లీచ్ పొలాల్లో ఎందుకు కనిపించదు

లీచ్ ఆలోచన సొంపైనది. నోడ్లు వంతులవారీగా క్లస్టర్ (గుంపు) హెడ్‌లవుతాయి. 5 శాతం హెడ్‌లైతే ఒక్కో నోడ్‌కు 20 రౌండ్లకొకసారి వంతు వస్తుంది. హెడ్ తన క్లస్టర్ డేటాను కుదించి నేరుగా గేట్‌వేకు పంపుతుంది. ఇబ్బందులు ఊహల్లో ఉన్నాయి. ఏ నోడ్ అయినా గేట్‌వేను నేరుగా అందుకోగలగాలి. అదే నిజమైతే రోజుకు కొన్ని బైట్లు పంపే నోడ్‌కు క్లస్టర్ ఎందుకన్న ప్రశ్న వస్తుంది. హెడ్‌గా ఉన్న రౌండ్ అంతా రేడియో తెరిచే ఉంచాలి. అందరి గడియారాలూ కలిసి ఉండాలి. హెడ్‌ల సంఖ్య వంద నోడ్లకు సగటున 5 అయినా ఎన్నిక యాదృచ్ఛికం గనక ఒక రౌండులో ఇద్దరే తేలవచ్చు, ఇంకోసారి ఎనిమిది మంది పక్కపక్కనే తేలవచ్చు. 2004 నాటి హీడ్ వంటివి మిగిలిన శక్తిని చూసి హెడ్‌లను ఎంచి ఈ చివరి లోపాన్ని తగ్గించాయి.

పైగా ఎంతమంది డేటానైనా ఒక్క ప్యాకెట్‌కు కుదించవచ్చన్న ఊహ అన్నిటా చెల్లదు. చేలో సగటు ఉష్ణోగ్రతకు చెల్లుతుంది. ఏ నోడ్ దగ్గర నేల ఎంత వంగిందో తెలియాల్సిన చోట సగటుతో పని లేదు.

వేళ ప్రకారం లేవడం

ఎదురుచూపు ఖర్చును మొదలంటా తీసేసే దారి ముందే వేళలు నిర్ణయించుకోవడం. కర్మాగారాల కోసం 2007లో వచ్చిన వైర్‌లెస్‌హార్ట్, 2012 నాటి 802.15.4ఈలోని టీఎస్‌సీహెచ్ 10 మిల్లీసెకన్ల స్లాట్లుగా కాలాన్ని కోసి, ఎవరు ఎవరికి ఏ స్లాట్‌లో ఏ ఛానెల్‌లో పంపాలో పట్టిక వేస్తాయి. ఛానెల్ మారుతూ ఉంటుంది గనక వై-ఫై అడ్డు ఉన్నచోట కూడా మళ్లీ పంపే పని తగ్గుతుంది.

ఇక్కడ చెల్లించే మూల్యం గడియారం. ఒక్కో క్రిస్టల్ పదిలక్షకు 20 వంతుల తేడాతో నడిస్తే రెండు నోడ్ల మధ్య తేడా 40 దాకా పోవచ్చు. 1 మిల్లీసెకను సడలింపు ఉన్న స్లాట్ అయితే 25 సెకన్లకే గడియారం దిద్దుకోవాలి. వేసవిలో ఇది ఇంకా బిగుస్తుంది. 32 కిలోహెర్ట్జ్ క్రిస్టల్ 25 డిగ్రీల నుంచి ఎటు జరిగినా తేడా వర్గంతో నెమ్మదిస్తుంది. రామగుండంలోనో అనంతపురంలోనో మే నెల ఎండలో పెట్టె లోపల 50 డిగ్రీలుంటే పదిలక్షకు మరో 22 వంతులు కలుస్తాయి. ఒక పెట్టె ఎండలో, దాని పేరెంట్ చెట్టు నీడలో ఉంటే ఆ తేడా రెంటి మధ్యా పూర్తిగా పడుతుంది. ఉష్ణోగ్రతను బట్టి సవరించే కోడ్ లేకపోతే మధ్యాహ్నం పూట నోడ్లు తప్పిపోయి, మళ్లీ నెట్‌వర్క్‌ను వెతకడానికి రేడియో తెరిచి కూర్చుంటాయి. పెట్టెకు తెల్లరంగు వేసి, పైన చిన్న గొడుగు పెట్టడం చౌకైన మందు.

అసలు హాపులే వద్దనుకుంటే

లోరావాన్ అనే దూరశ్రేణి రేడియో పద్ధతి మధ్యవర్తులను తీసేసింది. నోడ్ నేరుగా గేట్‌వేకు పంపి, ఆపై రెండు చిన్న కిటికీల్లో మాత్రం విని పడుకుంటుంది. భారత్‌లో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ దాకా లైసెన్సు అక్కర్లేని బ్యాండు ఇందుకు పనికొస్తుంది. దూరానికి చెల్లించేది ప్రసార సమయంతో. సిగ్నల్‌ను ఎంత సాగదీసి పంపాలో చెప్పే అంకె ఎస్‌ఎఫ్. 10 బైట్ల డేటా ఎస్‌ఎఫ్7లో 62 మిల్లీసెకన్లు పడితే, ఎస్‌ఎఫ్12లో 1,483 మిల్లీసెకన్లు పడుతుంది, 24 రెట్లు.

అయినా పోల్చి చూడండి. ఎస్‌ఎక్స్1276 చిప్ 13 డీబీఎం దగ్గర 29 మిల్లీయాంపియర్లు తీసుకుంటుంది. 3.3 వోల్టులతో రోజుకు 144 ప్యాకెట్లు ఎస్‌ఎఫ్12లోనే పంపినా దాదాపు 20 జౌళ్లు. 1 శాతం మెలకువతో నడిచే పై మెష్ (హాపులతో డేటా అందించుకునే) నోడ్‌కు రోజుకు 49 జౌళ్లు. అతి ఖరీదైన లోరా అమరిక కూడా పొదుపైన మెష్ కంటే సగానికి తక్కువే తింటోంది, కారణం ఎవరి కోసమూ లేవనక్కర్లేకపోవడం. నీటి మీటర్లు, నేల తేమ కొలతల వంటి నెమ్మది పనులు లోరా వైపు మళ్లడంలో ఆశ్చర్యం లేదు. ఎస్‌ఎఫ్12లో నోడ్లు వందల్లోకి పెరిగితే ప్రసారాలు ఢీకొంటాయి. కొండ మలుపుల వెనక, సెల్లారుల్లో సిగ్నల్ చేరదు. 2022లో లోరా అలయన్స్ రిలే నోడ్‌లకు ప్రమాణం తెచ్చిందంటే ఒక్క హాప్ అయినా మళ్లీ కావాల్సి వచ్చిందన్నమాట.

వీధిదీపాలు, కరెంటు మీటర్లలో మెష్ నిలదొక్కుకోవడానికి కారణం వేరు: అక్కడ నోడ్‌కు సరఫరా ఎప్పుడూ ఉంటుంది. ఆర్‌పీఎల్ ఆధారిత వై-సన్ అనే మెష్ ప్రమాణం అలాంటిదే. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ ప్రాంగణంలో సిలికాన్ ల్యాబ్స్‌తో కలిసి ఏర్పాటు చేసిన నెట్‌వర్క్ దీనికి దగ్గర్లో కనిపించే నమూనా.

రూటింగ్ కంటే ముందు చూడాల్సినవి

చాలా ప్రాజెక్టుల్లో రేడియో కంటే బోర్డే ఎక్కువ తింటుంది. ఎంక్యూ-2 వంటి గ్యాస్ సెన్సర్ హీటర్ 800 మిల్లీవాట్ల దాకా తీసుకుంటుంది. సీసీ2420 వినడానికి వాడేది 56 మిల్లీవాట్లు. ఆ సెన్సర్ నిరంతరం వెలుగుతున్న నోడ్‌లో రూటింగ్ గురించి చర్చ అనవసరం. డెవలప్‌మెంట్ బోర్డుల మీద తరచూ కనిపించే ఏఎంఎస్1117 రెగ్యులేటర్ తానొక్కటే 5 మిల్లీయాంపియర్లు కాల్చుతుంది. ప్రాసెసర్ ఎంత గాఢనిద్రలో ఉన్నా 2,500 మిల్లీయాంపియర్ అవర్ల సెల్స్ 21 రోజులకు అయిపోతాయి. ఎల్ఈడీలు పీకేయాలి. సెన్సర్ల సరఫరాను మోస్‌ఫెట్‌తో తెంచాలి. తెంచాక కూడా పుల్-అప్ రెసిస్టర్ల గుండా కరెంటు కారుతోందేమో చూడాలి.

కొలవడంలోనూ తప్పు జరుగుతుంది. మల్టీమీటర్‌ను మైక్రోయాంపియర్ రేంజిలో వరుసలో పెడితే, రేడియో లేచిన క్షణాన మీటర్ లోపలి నిరోధం మీద వోల్టేజీ పడి నోడ్ రీసెట్ అవుతుంది. 10 ఓమ్‌ల షంట్ (చిన్న నిరోధం) పెట్టి ఆసిలోస్కోప్‌తో చూస్తే 18.8 మిల్లీయాంపియర్లు 188 మిల్లీవోల్టులుగా స్పష్టంగా కనిపిస్తాయి. నిద్రలోని 5 మైక్రోయాంపియర్లు మాత్రం 50 మైక్రోవోల్టులే గనక నాయిస్‌లో కలిసిపోతాయి. కాబట్టి రెండు కొలతలు విడిగా చేయాలి: రేడియోను పూర్తిగా ఆపేసే కోడ్‌తో నిద్ర కరెంటును మీటర్‌తో, రేడియో తెరిచి ఉన్న సమయాన్ని స్కోప్‌తో గానీ, కాంటికిలోని ఎనర్జెస్ట్ లెక్కలతో గానీ. ఎనర్జెస్ట్ పంపిన సమయం, విన్న సమయం విడివిడిగా ఇస్తుంది. వలయాలవారీగా ఒక్కో నోడ్ నుంచి ఆ రెండు అంకెలు రోజుకొకసారి డేటాతో పాటే తెప్పించుకుంటే, ఏ వలయం ముందు ఖాళీ అవుతుందో బ్యాటరీలు అయిపోకముందే తెలుస్తుంది.